షిఫ్టు డ్యూటీలో రోజూ ప్రార్థన ఎలా?

ప్రశ్న: అందరికీ వందనాలు. గాజువాకలో ఉంటాను, షిఫ్టు డ్యూటీ. ఆదివారం చర్చికి వెళ్తున్నా మిగతా రోజుల్లో లేవగానే చెయ్యి ఫోన్ మీదికే పోతోంది, విశ్వాసం చల్లారిపోతోందని టెన్షన్‌గా ఉంది. మీరేం చేస్తున్నారు?

జవాబు: బ్రదర్, బైబిల్లో దానియేలు రాజాజ్ఞకు కూడా జంకకుండా రోజుకు ముమ్మారు మోకరించాడు. మీకు టైమింగ్స్ మారతాయి కాబట్టి గడియారం చూడకుండా పనులకు ముడిపెట్టుకోండి, బూట్లు వేసుకునే ముందు ఒకసారి, క్యారేజీ విప్పేటప్పుడు ఒకసారి, పడుకోబోతూ ఒకసారి.

జవాబు: తమ్ముడూ, 119వ కీర్తన మొదలుపెట్టండి. 176 వచనాలని బెదిరిపోకండి, 8 చొప్పున 22 భాగాలుంటాయి, రోజుకొకటి చాలు. నేను మద్దిలపాలెం బస్సులో చదువుతాను. చదవడం తేలికే, ఆ రోజు విసుగొచ్చినా ఎదుటివాళ్లతో మెల్లగా మాట్లాడటమే అసలు కష్టం.

ప్రశ్న అడిగినవారు: వందనాలు అక్కా. ఇవాళ్టి నుంచి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెడతాను.