పేగుల టీబీనా, క్రోన్సా? ఎట్ల తేలుస్తరు?

కరీంనగర్ అక్క:
మా తమ్మునికి 24 ఏండ్లు. ఏడాది సంది కుడిపక్క పొత్తికడుపుల నొప్పి, మోషన్స్, రాత్రిపూట సన్నజ్వరం. మస్తు బక్కగైండు. కొలనోస్కోపీ చేస్తే చిన్నపేగు చివర పుండ్లు కనబడ్డయి. బయాప్సీల గ్రాన్యులోమాలు (రక్షణ కణాలు గుమిగూడిన చిన్న గడ్డలు) ఉన్నయని రాసిండ్రు. క్రోన్స్ (పేగుల్ల ఏండ్ల తరబడి వాపు, పుండ్లు తెచ్చే జబ్బు) కావచ్చు, టీబీ కావచ్చు, ముందుగాల టీబీ మందులు వాడి చూద్దామంటున్నరు. రోగమేందో తెల్వకుండ మందులెట్ల ఇస్తరు?

బెజవాడ శీను:
నాకూ అచ్చం ఇదే అక్కా. డాక్టరు చేతగాక అనట్లేదు. రెండు జబ్బులూ చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటే ఎక్కువగా వస్తాయి. రెండింట్లోనూ గ్రాన్యులోమాలు ఉంటాయి. టీబీ క్రిమి దొరికితే టీబీయే, అనుమానం లేదు. చిక్కల్లా, నిజంగా టీబీ ఉన్నవాళ్లలో కూడా చాలాసార్లు అది దొరకదు. జీన్‌ఎక్స్‌పర్ట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదనుకోడానికి వీల్లేదు.

టీబీ మందులే ముందెందుకంటే, క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇచ్చాక అది టీబీ అని బయటపడితే అప్పటికి ఒళ్లంతా పాకి ఉండొచ్చు. నాకు టీబీ మందులు మొదలెట్టిన రెండు నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ చేశారు. అప్పటికి జ్వరం లేదు, ఆకలి పుట్టింది, మా అమ్మ మొక్కు కూడా తీర్చేసింది. పుండ్లు మాత్రం చెక్కు చెదరలేదు! టీబీ అయితే అప్పటికే మానడం మొదలవ్వాలి. అలా క్రోన్స్ అని తేలింది. ఒంట్లో బాగుందని ఆ రెండో కొలనోస్కోపీ ఎగ్గొట్టనివ్వకండి. క్రోన్స్ ఉన్నవాళ్లు టీబీ మందులతోనే నెలలు గడిపేస్తే ఈలోగా పేగు ఇరుకైపోతుంది.

గుంటూరు మిర్చి:
నాది టీబీ అని తేలింది. రెండోసారి చూస్తే పుండ్లు మాయం. ఆరు నెలల కోర్సుతో సరి. మధ్యమధ్యలో లివర్ టెస్టులు చేయించండి.

ల్యాబ్ రమణ:
మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ పరీక్ష చేయిస్తే తేలిపోతుందని కొందరు డబ్బులు తగలేస్తుంటారు. పేగులో వాపు ఉందా, లేక ఉత్త ఐబీఎస్సా (వాపు, పుండ్లు లేకుండా పేగు పనితీరు చెడడం) అన్నది చెబుతుందే గానీ టీబీనీ క్రోన్స్‌నీ విడదీయలేదు. దానికన్నా సీటీ ఎంటెరోగ్రఫీ (చిన్నపేగుల సీటీ స్కాన్) నయం. మధ్యలో నెక్రోసిస్ (కణాలు చచ్చిపోవడం) ఉన్న లింఫ్ గడ్డలు కనిపిస్తే టీబీ వైపు మొగ్గుతారు. నడుమ బాగున్న పేగును వదిలి అక్కడక్కడా దెబ్బతిన్నా, మలద్వారం దగ్గర ఫిస్టులా (లోపలి నుంచి చర్మం దాకా ఏర్పడే దారి) ఉన్నా క్రోన్స్ వైపు.

డల్లాస్ వదిన:
మా వారికి ఇక్కడ మొదట్నుంచీ క్రోన్స్ అనే అన్నారు. అయినా ఇన్‌ఫ్లిక్సిమాబ్ (క్రోన్స్‌కిచ్చే, రోగనిరోధక శక్తిని తగ్గించే ఇంజెక్షన్) ఎక్కించే ముందు టీబీ రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేశారు. ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఆ మందు లేపేస్తుందట. అదే రకం మందు అడలిముమాబ్‌కీ అదే పద్ధతి.

పాలకొల్లు బాబాయ్:
ఇవన్నీ ఎందుకమ్మా, మా ఊళ్లో పసరు ఇస్తారు, మూడు పూటల్లో కట్టు.

బెజవాడ శీను:
బాబాయ్ గారూ, మోషన్ కట్టినా లోపల పుండు మానదు కదండీ. దయచేసి వద్దు.

కరీంనగర్ అక్క:
క్రోన్సే అయితే జీవితాంతం స్టెరాయిడ్లేనా? ఆవకాయ లేకుంటే ముద్ద దిగదు వానికి.

బెజవాడ శీను:
లేదక్కా. స్టెరాయిడ్ మంట తగ్గే వరకే. మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు, మనంతట మనం ఆపకూడదు. నాకు తర్వాత అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మాత్ర) ఇచ్చారు. దానికి ముందు NUDT15 జీన్ పరీక్ష దొరికితే చేయించండి. మనవాళ్లలో కొందరికి ఆ జీన్‌లో తేడా ఉంటుంది, వాళ్లకు తెల్లకణాలు దారుణంగా పడిపోతాయి, జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. పరీక్ష చేసినా సరే, మొదట్లో తరచుగా సీబీసీ (రక్తకణాల లెక్క) తప్పదు. దీనికి లొంగకపోతే ఆ వదిన గారు చెప్పిన ఇంజెక్షన్లు. క్రోన్స్ కారం వల్ల రాదు. పడితే తినొచ్చు, నాకైతే పడదు. పేగు ఇరుకైందని చెబితే మాత్రం మునక్కాడ పిప్పి, తొక్కలు, పచ్చికూరలు బంద్. సిగరెట్ ఉంటే అది ముందు మానిపించండి.

ల్యాబ్ రమణ:
ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా మింగనివ్వకండి. ఇంకో మాట, బయాప్సీ స్లైడ్లు, పారాఫిన్ బ్లాక్ (బయాప్సీ ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ) ల్యాబ్‌లో అడిగి తీసుకోండి. వాటిని వేరే పాథాలజిస్టుకు చూపించుకోవచ్చు.

కరీంనగర్ అక్క:
రేపే పోయి అడుగుత. టీబీ కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్ష) గూడ పంపిండ్రట, రిపోర్టుకు ఆరు వారాలు పట్టొచ్చన్నరు. వచ్చినంక ఈడనే పెడత.