మొంజా పెనం మీద అందరూ కలిసి తింటే ఎంగిలి అవుతుందా, కాదా?

నిషికసాయి_కోడలు:
అందరికీ నమస్కారం. వచ్చే శుక్రవారం ఆఫీసు స్నేహితులు నలుగురు నన్ను టోక్యోలోని త్సుకిషిమాలో మొంజాయాకి (మొంజా అని కూడా అంటారు, పెనం మీద వండే పలచటి పిండి వంటకం) తినడానికి పిలిచారు. పిలిచినందుకు చాలా సంతోషం. కానీ వీడియో చూశాక టెన్షన్ పట్టుకుంది. బల్ల మధ్యలో వేడి ఇనప పెనం, అందరి చేతుల్లో బుల్లి అట్లకాడలు. పెనం మీద నుంచే గీక్కుని నోట్లో పెట్టుకుంటున్నారు, అదే అట్లకాడ మళ్ళీ పెనం మీదికి! మా ఇంట్లో పులుసు రుచి చూడాలన్నా అరచేతిలో వేసుకుని చూస్తాం. చేప, మాంసం తింటాను, ఆ ఇబ్బంది లేదు. నేను విడిగా పళ్ళెం అడిగితే వాళ్ళు నొచ్చుకుంటారా?

గుంటూరు_కుర్రాడు:
పళ్ళెం అడక్కండి అక్కా. ప్రేమగా పిలిచిన వాళ్ళకి "మీ నోరు తగిలింది నాకొద్దు" అన్నట్టే ఉంటుంది. హాస్టల్లో ఒకే కంచం చుట్టూ ఆరుగురం కూర్చుని తిన్నాం, ఆ స్నేహాలే ఇప్పటికీ నిలిచాయి. చిన్నప్పుడు జామకాయ మీద చొక్కా కప్పి కొరికి, కాకి ఎంగిలేలే అని పంచుకోలేదా? ఇక్కడ ఆ చొక్కా పని పెనం వేడి చేస్తుంది.

తెనాలి_టీచర్:
తమ్ముడూ, ఎంగిలి పట్టింపు రోగభయం ఒక్కటే కాదు, పెరిగిన పద్ధతి. పైగా జపాన్ వాళ్ళకి ఇది తెలియని సంగతేమీ కాదు. అందరికీ కలిపి పెట్టిన గిన్నెలో తాము తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) పెట్టడాన్ని వాళ్ళు జికబాషి అంటారు, నలుగురిలో అది మర్యాద కాదు. వడ్డించుకోవడానికి వేరే పుల్లలుంటాయి, వాటి పేరు తోరిబాషి. కాబట్టి పళ్ళెం అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. అడగండమ్మా.

టోక్యో_పన్నెండేళ్లు:
ఇద్దరి మాటా సగమే ఒప్పుకుంటాను. ముందు అది ఎలా వండుతారో చూడండి. క్యాబేజీ, రొయ్యలు లాంటి గట్టి సరుకు పెనం మీద వేసి, రెండు పెద్ద అట్లకాడలతో టకటకా నరికి, గుండ్రంగా గట్టు కడతారు. దాన్ని దొతె అంటారు, ఆ మాటకు అర్థమే గట్టు. మధ్యలో పలచటి పిండినీళ్ళు పోస్తారు. గట్టు తెగిందా, పిండి పెనమంతా పారుతుంది, అందరూ కేకలేస్తూ అడ్డం పెడతారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. ఉడుకు పట్టాక అంతా కలిపి పలచగా పరుస్తారు.

తినేటప్పుడు మీ వైపు అంచు నుంచి కొంచెం విడదీసి, హగాషి అనే ఆ బుల్లి అట్లకాడ వీపుతో పెనానికి అదమాలి. చిర్రుమని మాడు కట్టి ముద్ద దానికే అంటుకొస్తుంది. రుచంతా ఆ మాడులోనే. పళ్ళెంలోకి తీసుకుంటే చల్లారి జావ ముద్దయిపోతుంది. అందుకే టీచర్ గారి సలహా నాకు పూర్తిగా నచ్చలేదు. అలాగని వేడి అంతా చూసుకుంటుందనుకోకు తమ్ముడూ, తినేటప్పుడు మంట బాగా తగ్గిస్తారు. జలుబున్న వాళ్ళు పళ్ళెంలో తినడమే న్యాయం.

కోడలు గారూ, మూల కుర్చీలో కూర్చోండి. ఎవరూ తినకముందే పెద్ద అట్లకాడతో మీ వాటా మీ మూలకి జరుపుకుని, మీ హగాషితో అక్కడే మాడ్చుకు తినండి. అదీ వద్దనిపిస్తే ఒకోనోమియాకి చెప్పండి, మొంజా దుకాణాల్లో మామూలుగా అదీ ఉంటుంది. మందపాటి అట్టులా ఉంటుంది కనుక ముక్కలు కోసి పళ్ళేల్లో పెట్టుకున్నా రుచి చెడదు.

శాకాహారి_సైతామా:
నాలాంటి వాళ్ళకి ఎంగిలి కన్నా ముందు దాషి సమస్య. పిండి కలిపే నీళ్ళలోనే సాధారణంగా ఈ దాషి, అంటే చేప రసం, ఉంటుంది. చేప ముక్క కనబడలేదని తినేయకండి, వెళ్ళేముందే ఫోన్ చేసి అడగండి.

తెనాలి_టీచర్:
మూల కుర్చీ బాగుంది. కానీ మాడు కోసం మనసు చంపుకోవాలంటే మాత్రం ఒప్పుకోను.

నిషికసాయి_కోడలు:
పిలిచిన అమ్మాయినే అడిగేశాను. బల్ల మీద చిన్న పళ్ళేలు ఎలాగూ ఉంటాయట, వాళ్ళమ్మగారు కూడా పళ్ళెంలోనే తింటారట. మూల కుర్చీ నాకే అంది. ముందు నా మూలలో మాడ్చుకుని చూస్తాను, కుదరకపోతే పళ్ళెం. గుంటూరు తమ్ముడూ, నీ కాకి ఎంగిలి లెక్క మాత్రం నాకు కుదరలేదు. జామకాయకి, నోటికి మధ్య చొక్కా ఉంటుంది. అట్లకాడకి, నోటికి మధ్య ఏముంది?