‘షి డజంట్ గోస్’ ఎందుకు తప్పు?

ప్రశ్న: ‘షి గోస్’ కరెక్టే కదా, మరి ‘షి డజంట్ గోస్’ అంటే అమీర్‌పేట క్లాసులో సార్ కొట్టేశారు. ‘ఐ యామ్ నాట్ గో’ కూడా తప్పన్నారు. ఎందుకండీ?

జవాబు 1: క్రియల దగ్గర ‘ఎస్’ ఒక్కసారే రావాలండీ. మన మెట్రోనే తీసుకోండి: ‘ది రెడ్ లైన్ గోస్ టు మియాపూర్.’ నాగోల్ వెళ్లదు అనాలంటే ‘డు’ తెచ్చుకోవాలి. ‘గో’ మీదున్న ‘ఎస్’ ఊడి ‘డు’ మీదికెక్కి ‘డజ్’ అవుతుంది, ‘గో’ మామూలుగా మిగులుతుంది: ‘ఇట్ డజంట్ గో టు నాగోల్.’ ‘హ్యాజ్’ కూడా అంతే, ‘హి డజంట్ హ్యావ్’. ఐ, యు, వి, దే అయితే ‘డోంట్’.

తెలుగులో ‘వెళ్తుంది’, ‘వెళ్లదు’ అని క్రియే మారిపోతుంది. మధ్యలో ఇంకో మాట కావాలని మనకు తట్టదు. చిక్కంతా అక్కడే.

జవాబు 2: యామ్, ఈజ్, ఆర్ తామే క్రియగా ఉంటే ‘నాట్’ తగిలిస్తే చాలు: ‘ఐ యామ్ నాట్ రెడీ.’ ‘గో’ వచ్చిందంటే ‘ఐ డోంట్ గో’. మీరు రెండూ కలిపేశారు.

జవాబు 3: ‘నేను టీ తాగను’ అలవాటు, కాబట్టి ‘ఐ డోంట్ డ్రింక్ టీ’. ‘రేపు రాను’ అంటే మాత్రం ‘ఐ వోంట్ కమ్’. తెలుగులో రెండిటికీ ఒకే రూపం, ఇంటర్వ్యూల్లో తడబడేది ఇందుకే.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘మై సిస్టర్ డజంట్ వర్క్ ఆన్ సండేస్’ సరేనా?

జవాబు 1: సరేనండీ. ‘సండేస్’లో ‘ఎస్’ బహువచనానిది, దాన్ని కదపకండి.