"రుచుల జాడ వేరు": వేమన పద్యంలో "తీరు" అనే పాఠం ఎక్కడైనా ఉందా?

వరంగల్ నుంచి:
ఒక పద్యపాదం నిన్నటి నుంచి బుర్రలో తిరుగుతోంది. ఇంటర్‌లో మా కెమిస్ట్రీ సార్ అనుభావిక ఫార్ములాకీ (మూలకాల నిష్పత్తి మాత్రమే చెప్పేది) అణు ఫార్ములాకీ (అణువులో ఒక్కో మూలకం పరమాణువులు ఎన్నో చెప్పేది) తేడా చెప్పేటప్పుడు "ఉప్పు కప్పురంబు" పద్యం చదివేవారు. రెండో పాదం "చూడ జూడ రుచుల తీరు వేరు" అని నా చెవిలో ఉంది. పుస్తకాల్లో "జాడ" అని కనిపిస్తోంది. "తీరు" పాఠం ఎవరైనా చూశారా?

రాజమండ్రి నుంచి:
"తీరు" కుదరదండీ. ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, పడాలి. చూ, జా అచ్చులు కలవవు కాబట్టి కవి వాటి పక్కనున్న రెండో అక్షరాలను కలిపే ప్రాసయతి వేశాడు: చూడ–జాడ. "తీరు" పెడితే ఆ డకారం పోయి యతి తప్పుతుంది. "కర్పూరంబు" అని చదివేవాళ్లకూ ఇదే మాట. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు (ఒక్కోటి మూడు మాత్రలది) నిలవాలంటే కప్పురమే ఉండాలి.

తెనాలి నుంచి:
యతి సరే మాస్టారూ, నా పట్టు "చూడ జూడ" మీద. అందరూ "పరికించి చూస్తే" అని అర్థం చెప్పి వెళ్లిపోతారు. మనం రుచిని కూడా "చూస్తాం" కదా! పక్కనే రుచుల మాట ఉంది. మొదటి చూపు కంటిది, రెండోది నాలుకది అని నేను గట్టిగా నమ్ముతాను.

రాజమండ్రి నుంచి:
జంటపదాన్ని అలా రెండుగా చీల్చడానికి ఆధారం లేదమ్మా. "చూడన్" ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న పదం, అందుకే తరవాతి చకారం జకారమైంది. అంతవరకే.

డాలస్ నుంచి:
కెమిస్ట్రీ చెప్పేవాడిగా నేను అక్క పక్షం. పులిసిన కల్లులో పుట్టే ఎసిటిక్ ఆమ్లం, పెరుగులో పుట్టే లాక్టిక్ ఆమ్లం తీసుకోండి. ఏది 0.30 గ్రాములు కాల్చినా 0.44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 0.18 గ్రాముల నీరు వస్తాయి. అంటే కార్బన్ 0.12, హైడ్రోజన్ 0.02, మిగతా 0.16 ఆక్సిజన్. మోల్స్‌లోకి, అంటే పరమాణువుల లెక్కలోకి, మారిస్తే 1:2:1. రెండింటికీ సీహెచ్2ఓ, ఒక్క పోలిక.
ఇప్పుడు అంతే బరువును 0.1 మోలార్ కాస్టిక్ సోడాతో టైట్రేట్ చేయండి, అంటే ఆమ్లం తటస్థమయ్యేదాకా చుక్క చుక్కగా కలపండి. ఎసిటిక్‌కి 50 మి.లీ. పడుతుంది. లాక్టిక్ అయితే 33.3 దగ్గరే ఫినాల్ఫ్తలీన్ గులాబీ రంగుకి తిరుగుతుంది. ఖర్చయిన సోడా 0.005, 0.00333 మోల్స్. 0.30ని 0.005తో భాగిస్తే 60, 0.00333తో భాగిస్తే 90, ఇవే అణుభారాలు. సీహెచ్2ఓ యూనిట్ బరువు 30కి ఒకటి రెండింతలు, ఇంకోటి మూడింతలు. అందుకే సీ2హెచ్4ఓ2, సీ3హెచ్6ఓ3. మొదటి చూపు మంటది, రెండో చూపు పులుపుది.

వరంగల్ నుంచి:
అణువుకి సోడాతో కలిసే ఆమ్ల గుంపు, కార్బాక్సిల్, ఒకటే ఉందని ముందే తెలిసినట్టు లెక్క కట్టారన్నా. రెండుంటే ఆ 60 కాస్తా 120 అవుతుంది. అణుభారం వేరే దారిలో తేల్చాల్సిందే.

డాలస్ నుంచి:
నిజమే తమ్ముడూ. ఆ వేరే దారిలోనూ జాగ్రత్త కావాలి. బెంజీన్‌లో కరిగించి ఘనీభవన స్థానం ఎంత తగ్గిందో చూసి అణుభారం కడితే ఎసిటిక్ అణువులు హైడ్రోజన్ బంధాలతో జంట కట్టి 120కి దగ్గరగా చూపిస్తాయి.

తెనాలి నుంచి:
మీరిద్దరూ కప్పురాన్ని వదిలేశారు! అణుభారం కట్టే రాస్ట్ పద్ధతిలో పదార్థాన్ని కరిగించేది కర్పూరంలోనే. ఏదైనా కరిగితే ఘనీభవన స్థానం ఎంత పడిపోతుందో చెప్పే స్థిరాంకం నీటికి 1.86 అయితే కర్పూరానిది 40 దగ్గర. మామూలు థర్మామీటర్‌కే తేడా అందుతుంది. ఉప్పుకైతే విడి అణువే లేదు, అయాన్ల నిష్పత్తి దగ్గరే ఫార్ములా ఆగిపోతుంది. కర్పూరానికి సీ10హెచ్16ఓ అని నిండైన అణు ఫార్ములా ఉంది. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండూ పలుకులే. వేమన ఎంచుకున్న జంట ఎంత గొప్పదో చూడండి.

రాజమండ్రి నుంచి:
జంట గొప్పదే, ఆ మొదటి పాదం యతి కూడా వినండి: ఉప్పు–ఒక్క. "కప్పురంబు నొక్క" అని నకారం వచ్చి కూర్చున్నా ఉ, ఒ మైత్రి చెడలేదు. వేమనకి ఛందస్సు పట్టదనేవాళ్లు ఈ ఒక్క పాదం చదివితే చాలు.

వరంగల్ నుంచి:
మాస్టారూ, జనం నోట యతి తప్పి నడిచిన పాఠాలు బోలెడు ఉంటాయి కదా, "తీరు" అలా పుట్టిందేమో. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన వేమన పద్యాల పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే, ఇది అందులో ఉందో లేదో చూసి ఫొటో పెట్టండి.

తెనాలి నుంచి:
ఫొటో పెట్టేవాళ్లు "జాడ"కి బ్రౌన్ ఆనవాలు అని అర్థం రాశారా, విధం అని రాశారా అదీ చెప్పండి. ఆనవాలు అయితే నా వాదమే నిలుస్తుంది.