కాక్స్‌టన్ పీఠికలోని ‘ఐరెన్’: ఆ రకారం ఎక్కడిది?

ప్రశ్న: 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుకూటం నెలకొల్పిన విలియం కాక్స్‌టన్, 1490 నాటి ‘ఎనీడోస్’ (వర్జిల్ కావ్యకథకు ఆయన ఇంగ్లీషు అనువాదం) పీఠికలో కోడిగుడ్లను గురించి రాసిన మాట నన్ను కొంతకాలంగా వేధిస్తున్నది. ఈ రోజుల్లో ‘ఎగ్గెస్’ అని రాయాలా, ‘ఐరెన్’ అని రాయాలా అన్నంతవరకే గుర్తున్నది. ‘ఐరెన్’లో చివరి ‘ఎన్’ బహువచన ప్రత్యయమైతే, దానికి ముందున్న రకారం ఏమిటి?

జవాబు: ఆ రకారమే అసలు బహువచనం. అది బహువచనమన్న స్పృహ జనానికి పోయిన తరువాత దానిమీద ‘ఎన్’ వచ్చి చేరింది. ‘చిల్డ్రెన్’ కూడా ఇదే దారిన వచ్చింది కనుక ఇందులో వివాదానికి తావు లేదు.

మరొకరు: వ్యుత్పత్తి సరే, పీఠికలోని రుచి మాత్రం కథలో ఉన్నది. థేమ్స్ మీదుగా సముద్రం దాటి జీలాండ్‌కు బయలుదేరిన వర్తకులు గాలి లేక ఆగగా, వారిలో ఒకడు ఒడ్డున ఒక ఇంట ‘ఎగ్గెస్’ అడిగితే, ఆ మాట అర్థంకాని ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదన్నది. ఫ్రెంచి తనకూ రాని ఆ వర్తకుడికి కోపం వచ్చింది. అతని పేరు షెఫీల్డ్ అని కాక్స్‌టన్ చెప్పడం ఊరికే కాదని నా నమ్మకం. ‘ఎగ్గెస్’ స్కాండినేవియా వారి నుంచి వచ్చిన మాట, షెఫీల్డ్ ఉత్తరాది ఊరు.

ఇంకొకరు: ఇంటిపేరును బట్టి యాస తేల్చడం సాహసమే. కాక్స్‌టన్ కెంట్‌లో పుట్టినవాడు, అక్కడి ఇంగ్లీషు మోటుదని తానే రాసుకున్నవాడు; ‘ఐరెన్’ ఆయన చిన్ననాటి మాటే అయి ఉంటుందని నేను అనుకుంటాను. పైగా ఏళ్ల తరబడి ఫ్లెమిష్ భాష మాట్లాడే బ్రూజ్ నగరంలో ఉండి వచ్చిన మనిషి. ‘ఘోస్ట్’ అన్న మాటలో హకారం ఫ్లెమిష్ అలవాటు వల్ల ఆయన అచ్చుకూటంలోనే చొరబడిందంటారు.

మొదట జవాబిచ్చినవారు: పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్‌ను మరిచి ఈ మాట తేల్చలేము. కాక్స్‌టన్ ‘కాంటర్‌బరీ కథలు’ అచ్చువేసిన తరువాత ఒక పెద్దమనిషి వచ్చి, పాఠం చాసర్ రాసినట్టు లేదని, తన తండ్రి దగ్గర మేలైన ప్రతి ఉన్నదని చెప్పగా, 1483 ప్రాంతంలో దానితో సరిచూసి మళ్లీ అచ్చువేశాడు. ఆ కథల్లోనే పేద విధవరాలి భోజనంలో ‘ఆన్ ఐ ఆర్ ట్వెయ్’ అని వస్తుంది. అంటే గుడ్డు ఒకటో, రెండో. ఏకవచనంతోనే పని జరుపుకొని, బహువచనం జోలికే పోలేదు మహానుభావుడు.

రెండవవారు: అక్కడ ‘ట్వెయ్’ కాదు, ‘ట్వెయె’. తరువాతి పాదం చివరి ‘డెయె’తో ప్రాస కుదరాలంటే ఆ ఎకారాన్ని పలకాలి.