మోటారు ఆన్ కాగానే బోర్డు రీసెట్ అవుతోంది

ప్రశ్న (నల్లకుంట నుంచి):
మా అపార్ట్‌మెంటులో సంపు నుంచి పైట్యాంకుకు నీళ్లెక్కించే ఒక హెచ్‌పీ మోటారు, ట్యాంకు నిండగానే దానంతటదే ఆగిపోవాలని నోడ్‌ఎంసీయూ బోర్డు (ప్రోగ్రాము ఎక్కించుకునే చిన్న కంట్రోలర్), నీటిమట్టాన్ని శబ్ద తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, 5 వోల్టుల రిలే మాడ్యూల్ (బోర్డు సంకేతంతో పనిచేసే స్విచ్చు)తో సర్క్యూట్ కట్టాను. రిలేకు బల్బు తగిలిస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. మోటారు తగిలిస్తే మాత్రం ఆన్ అయిన మరుక్షణమే బోర్డు రీసెట్ అవుతోంది. లోపం ప్రోగ్రాములో ఉందంటారా?

జవాబు 1:
ప్రోగ్రామును అనుమానించనక్కర్లేదండీ. ఆ మోటారు నడిచేటప్పుడు సుమారు 5 ఆంపియర్లే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో అంతకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ కుదుపూ, రిలే లోపలి కాంటాక్టుల దగ్గర పుట్టే స్పార్కూ కలిసి బోర్డును తికమకపెడుతున్నాయి. రిలే మాడ్యూల్ మీద 10 ఆంపియర్లని రాసి ఉన్నా మోటారును నేరుగా దానికి కలపకండి. కాంటాక్టులు అతుక్కుపోయాయంటే ట్యాంకు పొంగిపొర్లినా మోటారు ఆగదు. రిలేతో కాంటాక్టర్ (మోటార్ల వంటి పెద్ద లోడ్లకు వాడే స్విచ్చు) కాయిల్‌ను మాత్రమే నడిపించి, మోటారును కాంటాక్టర్ ద్వారా కలపండి; స్పార్కు తగ్గడానికి ఆ కాయిల్‌కు సమాంతరంగా 100 ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లను సిరీస్‌లో పెట్టండి. రిలేకు వేరే సప్లై ఇస్తే ఇంకా మంచిది. కోఠీ గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి.

జవాబు 2:
సెన్సర్ హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అయితే దాని ఎకో పిన్ (కొలత సంకేతం బయటికొచ్చే పిన్) 5 వోల్టులిస్తుంది, మీ బోర్డు పిన్నులు 3.3 వోల్టులవి. మధ్యలో 1కె, 2కె (వెయ్యి, రెండు వేల ఓముల) రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించే డివైడర్ పెట్టండి. నన్నడిగితే, మూత కింద ఆవిరి పట్టే ట్యాంకులో ఆ సెన్సర్ కన్నా ఫ్లోట్ స్విచ్చే నమ్మకమైనది.

ప్రశ్న వేసినవారు:
కృతజ్ఞతలండీ. కెపాసిటర్ మామూలుది సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదు. 275 వోల్టుల ఏసీకి తగిన, మెయిన్స్ కరెంటుకు నేరుగా కలిపేందుకు చేసిన ఎక్స్2 రకమే అడిగి తీసుకోండి. వైరింగు చేసే ముందు మెయిన్ ఎంసీబీ దించడం మరవకండి.