చర్చ: జలచరాల్లో లోహాలకు బీసీఎఫ్ లెక్క కట్టడం ఇక మానేద్దామా?

గాఢత:
ఏ రిపోర్టు తీసినా ఇదే వరస. జీవి ఒంట్లోని లోహాన్ని నీళ్లలోని లోహంతో భాగించడం, వచ్చిన బయోకాన్సెంట్రేషన్ ఫ్యాక్టర్ (బీసీఎఫ్) పెద్దదైతే ప్రమాదం అని రాసేయడం. కొవ్వులో కరిగే పురుగుమందులకు ఈ లెక్క సరే. చేప మాత్రం జింక్‌ను తనకు కావలసినంతే నిలుపుకుంటుంది. నీళ్లలో లీటరుకు 10 మైక్రోగ్రాములు, ఒంట్లో కిలోకు 100 మిల్లీగ్రాములు అనుకోండి, బీసీఎఫ్ 10,000. నీళ్లలో 200కు పెరిగి ఒంట్లో 160 దగ్గర ఆగిందనుకోండి, 800. నీళ్లు పాడయ్యేకొద్దీ చేప భద్రం అన్నమాట!

మొప్ప:
జింక్, రాగి వరకు ఒప్పుకుంటాను. రొయ్యకు రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోసయనిన్ కోసమైనా రాగి కావాలి. కాడ్మియంతో వాటికేం పని? అక్కడ బీసీఎఫ్ ఎందుకు చెల్లదు?

గాఢత:
కాడ్మియం మొప్పల్లోకి దూరేది కాల్షియం దారిలోనే. ఆ దారులు లెక్కకు కొన్నే, నిండాక నీళ్లలో ఎంత పెంచినా లోపలికి పోయేది ఆ నిష్పత్తిలో పెరగదు. పైగా నీళ్ల కఠినత్వం ఎక్కువైతే కాల్షియమే పోటీకొచ్చి కాడ్మియంను ఆపుతుంది. రాగినేమో కరిగిన సేంద్రియ పదార్థం పట్టేసుకుంటుంది. ఒకే జీవి, ఒకే గాఢత, రెండు చెరువుల్లో రెండు బీసీఎఫ్‌లు.

జల్లెడ:
సిద్ధాంతం తర్వాత, ముందు మీ భాగాహారంలో పైనున్న అంకె, కిందున్న అంకె నిజమైనవేనా?

కిందది నీళ్ల అంకె. 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాకే నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కిందకు దించాలి. ముందే యాసిడ్ పోస్తే రేణువులకు అంటిన లోహం ఊడి నీళ్లలో కలుస్తుంది, బీసీఎఫ్ ఉత్తపుణ్యానికి పడిపోతుంది. ఫీల్డ్ బ్లాంక్ (శాంపిల్ తీసే చోటే అదే పద్ధతిలో నింపిన స్వచ్ఛమైన నీళ్ల సీసా) లేకపోతే జింక్ అంకెను నేనైతే నమ్మను, చేతి తొడుగుల నుంచి కూడా అది వస్తుంది.

పైది ఇంకా ఘోరం. పురుగు పేగులో ఒండ్రు ఉండగానే ఆరబెట్టేస్తారు. పొడి బరువులో 5 శాతం ఒండ్రే అనుకోండి, అందులో సీసం కిలోకు 100 మి.గ్రా. అసలు కండలో 1 మాత్రమే ఉన్నా మీ చేతికొచ్చేది దాదాపు 6. అందుకే 24 నుంచి 48 గంటలు శుభ్రమైన నీళ్లలో వల మీద ఉంచాలి. వల ఎందుకంటే, విసర్జించింది మళ్లీ తినకుండా. అంతకు మించి ఉంచితే కండలోని రాగి కూడా కొంత పోవచ్చు. తడి బరువా, పొడి బరువా రాయనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆల్చిప్ప మాంసంలో 80 శాతం నీరుంటే రెండింటికీ 5 రెట్లు తేడా.

మొప్ప:
అవి కొలతలో తప్పులు, బీసీఎఫ్ తప్పులు కావు. ఏడాదికోసారి శాంపిల్ తీసేవాళ్ల చేతికి బదులుగా ఏమిస్తారు?

గాఢత:
ఒంట్లోని గాఢతనే ఇవ్వండి, భాగించకుండా. కలుషితం కాని చోట దొరికిన అదే జాతి, అదే సైజు జీవులతో పోల్చండి. సెలీనియంకు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2016లో పెట్టిన ప్రమాణంలో చేప గుడ్లకే పెద్దపీట, పొడి బరువులో కిలోకు 15.1 మి.గ్రా. అది ఎక్కువగా తిండి ద్వారానే ఎక్కుతుంది, నీళ్ల అంకెతో భాగిస్తే తిండి కనిపించకుండా పోతుంది. యూరప్ రసాయనాల చట్టం రీచ్ నిబంధనల్లోనూ ఒంట్లో పేరుకునేది, బాగా పేరుకునేది అని తేల్చే బీసీఎఫ్ 2000, 5000 గీతలు సేంద్రియ పదార్థాలకూ, లోహసేంద్రియాలకే (లోహం సేంద్రియ భాగంతో కలిసినవి). ఉత్త లోహాలకు కాదు.

జల్లెడ:
మిథైల్ పాదరసం ఆ లోహసేంద్రియాల్లోదే, దాన్ని మినహాయించండి. అది ఆహార గొలుసులో మెట్టుమెట్టుకూ పెరుగుతుంది. గాఢత గారూ, ఒంట్లోని మొత్తం అంకె కూడా అమాయకమేం కాదు. కాడ్మియంలో ఎక్కువ భాగాన్ని మెటలోథయొనీన్ అనే లోహాలను పట్టే ప్రొటీన్ కట్టిపడేసి ఉంటే ఆ జీవి హాయిగానే తిరుగుతుంది.

మొప్ప:
సరే, బీసీఎఫ్ కాలమ్ తీసేస్తాను. నీళ్ల కఠినత్వం, సేంద్రియ కార్బన్, జీవి పొడవు కాలమ్‌లు చేరుస్తాను. నీళ్ల అంకె మాత్రం పక్కనే ఉంటుంది, ఎవరైనా భాగించుకుంటే వాళ్లిష్టం.